మద్రాసు కరెంటు, ఆలూరు వాన

1955 ఏప్రిల్‌లో నన్ను ఆలూరు తాలూకా ఆసుపత్రికి అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. అంతకుముందు ఆలూరు బళ్లారి జిల్లాలో ఉండేది. పంపకాల్లో బళ్లారి మైసూరుకు పోయింది, ఆలూరు కర్నూలు జిల్లాలో కలిసింది. ఊరు ఉన్నచోటే ఉంది. రోగం ముదిరితే పరుగెత్తే బళ్లారి, ఇంకా ముదిరితే చేరే మద్రాసు మాత్రం పరాయి రాష్ట్రాలైపోయాయి.

అసిస్టెంట్ సర్జన్ అంటే ఎవరో పెద్ద సర్జన్‌కు కత్తులు అందించేవాడని మా బంధువులు చాలాకాలం అనుకున్నారు. అది హోదా పేరు మాత్రమే. తాలూకాలో జ్వరాలకు, కాన్పులకు, పాముకాట్లకు, శవపరీక్షలకు ఆ ఒక్కడే దిక్కు. చేతికింద ఒక కాంపౌండరు, ఒక నర్సమ్మ. పైన, కర్నూలులో, డి.ఎం.ఓ. అని మేము పిలిచే జిల్లా వైద్యాధికారి. మాది రాయచోటి దగ్గర మెట్టసేద్యం ఇల్లు. మబ్బు పడితే అన్నం పళ్లెం వదిలేసి వాకిట్లోకి పోయే మనుషుల మధ్య పెరిగాను. డాక్టరు కథలో ఈ సంగతి ఎందుకంటే, దాని అవసరం ముందుంది.

మే నెలలో గాదిలింగప్ప అనే రైతు వచ్చాడు. వచ్చాడనడం కన్నా అతని భార్య ఈరమ్మ లాక్కొచ్చిందనడం నిజం. అతనికి నలభై దాటి ఉంటాయి. బాగా కట్టుమస్తైన మనిషి. ఏమప్పా బాధ అంటే, ఏమీ లేదన్నాడు. ఈరమ్మ అడ్డం వచ్చింది. "సంగటి తినేటప్పుడు కండ్లల్లో నీళ్లు పెట్టుకుంటాడు సార్. అడిగితే కారం ఎక్కువైందంటాడు. నేను కారం మానేసి నెలాయె."

నోరు తెరిపించి చూశాను. ఎడమ దవడ లోపల, రోజంతా పొగాకు ముద్ద పెట్టుకునే చోటనే, పుండు. వేలితో తడిమితే అంచు గట్టిగా, చెక్కలాగా తగిలింది. అలాంటి పుండు చూసిన వెంటనే డాక్టరు చెయ్యి దవడ కిందికి పోతుంది. అక్కడ గడ్డ తగిలితే రోగం ఇల్లు దాటి వీధిలోకి వచ్చినట్టు. ఎంత వెతికినా గడ్డ తగల్లేదు. ఆ ఒక్క కారణంతో నాకు ఆశ పుట్టింది.

పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసి, మందు నీళ్ల సీసాలో వేసి మెడికల్ కాలేజీకి పంపాను. అనుమానం నిజమేనని జవాబు వచ్చింది. ఆ రోజుల్లో దీనికి డీప్ ఎక్స్‌రే అనే చికిత్స ఉండేది. పుండు మీదికి కిరణాలు పంపి కొంచెం కొంచెంగా కాల్చడం. జనం దాన్ని "కరెంటు పెట్టడం" అనేవాళ్లు. ఆ యంత్రం మాకు అందుబాటులో ఉన్నది మద్రాసులోనే. పరాయి రాష్ట్రం రోగిని చేర్చుకుంటారా అని భయపడుతూనే డి.ఎం.ఓ. ద్వారా ఉత్తరం రాయించాను. పంపమని జవాబు వచ్చింది. చికిత్సకు రుసుము లేదు. అయితే నడవగలిగిన వాళ్లకు మంచం ఇవ్వలేరు, బయట ఉండి రోజూ రావాలి, ఆదివారం తప్ప ఒక్కరోజు కూడా మానకుండా ఆరు వారాలు పెట్టించుకోవాలి. సగంలో ఆపితే మిగిలిన రోగం మళ్లీ తలెత్తుతుంది. ఒకసారి కాలిన చోట రెండోసారి మొదటి నుంచి కాల్చడానికి చర్మం ఒప్పుకోదు. అంటే మొదటికే మోసం.

గాదిలింగప్ప అంతా విని ఒక్కటే అడిగాడు. "రోహిణి పోయి మృగశిర వస్తాండాది. ఇత్తనం ఎవరు ఏస్తారు సార్?"

ఆ ప్రశ్న అతను అడగకముందే నా మనసులో ఉంది. రుసుము లేదని ఆసుపత్రి రాసింది. సత్రంలో ఉండడానికి, గంజికి ఏదో సర్దుకోవచ్చు. విత్తనం అదను పోతే మాత్రం ఏడాది తిండి పోతుంది. అన్నదమ్ములు లేరు. జత ఎద్దులు, విత్తనం వేసే ఒక గొర్రు, వర్షాధారం కొర్ర చేను. గొర్రు పట్టేది అతను, వెనుక నడుస్తూ దాని మీది గిన్నెలో, అంటే జడ్డిగంలో, గింజలు పోసేది ఈరమ్మ. ఇద్దరూ మద్రాసులో ఉంటే చేను బీడే. అలాగని వాన దాకా ఆగుదామంటే దవడ కింద గడ్డ రావడానికి ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. అదే మాట అతనితో అన్నాను. చివరికి తేల్చింది ఈరమ్మే. "చేను యాడికీ పోదు. నువ్వు పోతే మళ్లా రావు. పద." కూతుర్ని అవ్వ దగ్గర, ఎద్దుల్ని పక్కింటివాళ్ల దగ్గర వదిలి జూన్ మొదట్లో రైలెక్కారు.

మద్రాసులో జరిగింది తర్వాత ఈరమ్మ చెప్పింది. ముందు ఆ పక్క పళ్లు పీకారు. తర్వాత రోజూ కరెంటు. అది అయిపోగానే గాదిలింగప్ప సత్రానికి పోకుండా రైల్వే స్టేషనుకు పోయేవాడట. బొంబాయి వైపు నుంచి వచ్చే బండి ఆదోని, గుంతకల్లు మీదుగా వస్తుంది. దిగిన జనంలో తలపాగా చుట్టు చూసి మనవైపు వాళ్లని పోల్చుకుని, గేటు దగ్గర నిలబెట్టి అడిగేవాడు. "ఆదోని తట్టు వాన పడెనాప్పా?" లేదని వాళ్లు చెబితే, అదను ఇంకా పోలేదన్న నిమ్మళంతో ఆ పూట గంజి తాగేవాడు. మూడు వారాలు లేదనే మాటే వచ్చింది. నాలుగో వారంలో ఒకాయన తడిసిన గొంగడి దులుపుకుంటూ, గుంతకల్లు దాటిందాకా వానే అని చెప్పాడు. ఆ మరుసటి రోజు కరెంటు గది ముందు పేరు పిలిస్తే పలికినవాడు లేడు.

ఆలూరులో ఆ వాన నేనూ చూశాను. ఆరుద్ర కార్తె, మధ్యాహ్నం. ఆసుపత్రి వరండాలో రోగులు కూడా లేచి నిలబడి చూశారు. నేను మాత్రం మద్రాసులో ఎన్ని రోజుల కరెంటు అయిందో వేళ్లమీద లెక్కపెట్టాను. గాదిలింగప్ప దిగుతాడని నాకు తెలుసు. రాయచోటిలో మా నాయన అయినా దిగేవాడే. రెండు రోజులకు కాంపౌండరు వచ్చి, ఆదోని బస్సులో అతన్ని చూశానన్నాడు. అవుట్ పేషెంట్లు అయిపోగానే సైకిలు తీశాను.

అతని ఊరు ఏడెనిమిది మైళ్లు. ఆలూరు దాటగానే బురద. రెండు మైళ్లు పోయాక పొడిదారి, కళ్లలోకి దుమ్ము. వాళ్ల ఊరు దగ్గర పడేసరికి మళ్లీ బురద. చక్రాలకు మట్టి పట్టుకుంటే దిగి, పుల్లతో గీకి, సైకిలును నేనే మోసుకుంటూ చేరాను. ఎండలో చేను గట్టు మీద గాదిలింగప్ప గొర్రు పళ్లకు చెక్కలు బిగిస్తున్నాడు. ఎడమ చెంప మాడి నల్లబడి ఉంది. ఎండ తగలకూడదని మద్రాసులో చెప్పారు కాబట్టి పై పంచె తలమీద నుంచి కప్పుకున్నాడు. తిట్టాలనే వచ్చాను, ఆ చెంప చూశాక సైకిలు గట్టుకు ఆనించి పక్కన కూచున్నాను.

"నాలుగు దినాలు ఇయ్యి సార్," అన్నాడు నన్ను చూడగానే. "ఇత్తు పడినంక నువ్వు చెప్పబన్లే, నేనే పోతా."

ఆ నాలుగు రోజుల లెక్క ఎక్కడిదో అతను నాకు చెప్పనక్కర్లేదు. విత్తడానికి తగిన తడి నేలలో ఉండడాన్ని పదును అంటారు. ఎర్రనేలలో అది నాలుగైదు రోజులకన్నా నిలవదు. "అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు" అని ఊరికే అనలేదు. దానికి రానూ పోనూ రైలు రోజులు కలిపితే పదిరోజుల దాకా కరెంటు ఆగినట్టే. అంత ఎడం వస్తే పెట్టిన మూడు వారాలు నీళ్లపాలు. ఊళ్లో ఎవరినైనా అడగవయ్యా అన్నాను. అడిగినా లాభం లేదని నాకూ తెలుసు. ఆ నాలుగు రోజులు ఊళ్లో ప్రతి ఎద్దూ దాని చేనులోనే ఉంటుంది. ఎవరి చెడ్డతనమూ కాదు, పదును అందరికీ ఒకేసారి వస్తుంది.

ఏమీ తోచక ఈరమ్మ ఇచ్చిన చెంబు నీళ్లు తాగుతూ దారిని తిట్టాను. ఇటు బురద, అటు బురద, నడుమ మాత్రం కంట్లో దుమ్ము, ఇదేం వానమ్మా అన్నాను. ఆమె చేతిలో విత్తనాల చేట అలాగే ఆగిపోయింది.

"దుమ్మా? యాడ సార్?"

రెండో మైలు నుంచి అయిదో మైలు దాకా అన్నాను. మా సీమలో వాన ఎద్దు ఒక కొమ్ము తడిపి ఇంకో కొమ్ము వదిలేస్తుందంటారు. ఆ పొడిపట్టీలోనే దారిపక్కన ఈరమ్మ పుట్టినూరు ఉంది. అక్కడ చినుకు పడలేదు. పడలేదంటే ఎద్దులు కట్టేసిన గాటిపాట్లో ఊరికే నిలబడి ఉన్నాయి.

"మా తమ్ముళ్లకు పని లేదు," అంది మొగుడితో. "రెండు జతల ఎద్దులుండాయి. మా మరదలు జడ్డిగం పోస్తాది. నువ్వు పోయి కరెంటు పెట్టించుకో."

గాదిలింగప్ప వెంటనే ఒప్పుకోలేదు. బామ్మర్దులు గొర్రు తోలితే సాలు పాము పోయినట్టు పోతుందని ఎప్పుడూ వాళ్లను నవ్వేవాడట. మొలక వంకరగా వచ్చినా కొర్ర కొర్రే అన్నాను. నవ్వబోయి, చెంప నొప్పి పెట్టి ఆపుకున్నాడు.

కబురు మోసే పని నాకే పడింది, నా దారిలోనే ఉంది కదా. ఈరమ్మ తమ్ముళ్లు ఇద్దరూ అరుగు మీద కూచుని, పక్క ఊళ్లమీద పడిన వానను తిట్టుకుంటున్నారు. విషయం చెప్పాను. పెద్దవాడు లేచి పంచె బిగించుకున్నాడు. "ఇన్నాళ్లూ మా సాలు వంకరని ఎగతాళి చేసె. ఇప్పుడు చూడు సార్, బావ సొంత చేన్లోనే సూపిస్తాం," అన్నాడు. పొద్దు ఉండగానే ఎద్దులు బయలుదేరాయి. సైకిలు ఎక్కుతుంటే నాకు కాళ్ల నొప్పి కూడా తెలియలేదు, అంత తేలికపడ్డాను.

మర్నాడు గాదిలింగప్ప, ఈరమ్మ ఆలూరులో ఆదోని బస్సు దగ్గర కనిపించారు. తెల్లారగానే మొదటి నాలుగు సాళ్లు చూసి గాని ఊరు కదల్లేదట. ఎట్లున్నాయప్పా అంటే, "ఎట్లుంటాయి సార్, అనుకున్నట్టే ఉండాయి," అని పెదవి విరిచాడు. మద్రాసు డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు ఉత్తరం రాసి అతని చేతికిచ్చాను, తంతి కూడా కొట్టాను. ఆ తర్వాత వారం రోజులు టపా మనిషి వచ్చే వేళకు వరండాలోనే తచ్చాడాను. వెళ్లగొడితే మళ్లీ పంపడానికి మరో చోటు లేదు. చివరికి కార్డు వచ్చింది. ఎడం ఎక్కువ కాలేదు, మిగిలిన దానికి కొన్ని రోజులు కలిపి పూర్తి చేస్తాం అని రాశారు. కాంపౌండరుకు, నర్సమ్మకు ఆ పూట నా డబ్బుతో కాఫీ తెప్పించాను.

చెప్పకుండా పోయిన రోగికి ఆసుపత్రి కాగితాల్లో "పరారీ" అని రాయడం ఎక్కడైనా మామూలే. ఆగస్టులో వాళ్లు తెచ్చిన కాగితంలో ఆ మాట మీద గీత కొట్టి, పక్కన ఇంగ్లీషులో "విత్తనానికి ఊరికి పోయి వచ్చాడు" అని రాసి ఉంది. నేను ముఖం చూడని ఆ మద్రాసు డాక్టరు మీద నాకు ఇప్పటికీ గౌరవం.

పుండు మానింది. లోపల తెల్లటి మచ్చ మిగిలింది. నోరు మునుపంత తెరుచుకునేది కాదు, సంగటి చిన్న ముద్దలు చేసుకుని తినేవాడు. పొగాకు ఈరమ్మ మానిపించింది. కొన్ని నెలలకోసారి వచ్చి కూచుంటే, దవడ కింద వేళ్లు పెట్టి వెతికేవాణ్ని. ప్రతిసారీ భయంగానే పెట్టేవాణ్ని, ఏమీ తగలక తీసేవాణ్ని. నాకు కోయిలకుంట్లకు బదిలీ అయ్యేనాటికీ ఏమీ తగల్లేదు. ఆ ఏడు కొర్ర పండింది. సాళ్లు వంకరగానే వచ్చాయని ఊరంతా చూసింది, బామ్మర్దులు మాత్రం ఒప్పుకోలేదు.

కోయిలకుంట్ల నల్లరేగడి. అక్కడ విత్తు వినాయక చవితి దాటాక గాని మొదలుకాదు. అక్కడినుంచి గర్భసంచి కేన్సరు ఉన్న ఒకామెను జూన్‌లోనే మద్రాసు పంపాను, ఆమె ఆరు వారాలూ నిలిచి వచ్చింది. చికిత్సకు రుసుము లేదన్నంత మాత్రాన అది ఉచితం కాదని నేను నేర్చుకున్నది ఆలూరులో. దూరం పంపాల్సిన రోగికి చీటీ రాసే ముందు, సర్వీసు ముగిసేదాకా, ఒక ప్రశ్న అడిగేవాణ్ని. నువ్వు లేని రోజుల్లో నీ పని ఎవరు చేస్తారు? దానికి ఒక మనిషి పేరు చెప్పగలిగిన వాళ్లలో మధ్యలో తిరిగి వచ్చినవాళ్లు నాకు గుర్తులేరు. చెప్పలేని వాళ్లకు ముందు ఆ మనిషిని వెతికి, తర్వాతే చీటీ రాశాను.