హాస్టలు వంటమనిషి దేవమ్మ

బందరు క్రైస్తవ సంఘంలో ఎవరు పోయినా, శవపెట్టె గుడి దాటకముందు వారి జీవిత చరిత్ర చదవాలి. రాసేది దేవదానం మాస్టారు. ఆయన దగ్గర ఒక కాగితం ఉండేది. పుట్టుక, బాప్తిస్మం, పెళ్లి, పిల్లలు, ప్రార్థనాపరులు, ప్రభువునందు నిద్రించారు. పేరూ తేదీలూ మార్చి చదివేవారు. పందొమ్మిదేళ్లు అది చాలింది.

1959 ఫిబ్రవరిలో కృపావరం పోయినప్పుడు, "దుఃఖిస్తున్న భార్యను విడిచి వెళ్లారు" అని చదివేశారు. కృపావరం పెళ్లే చేసుకోలేదు. గుడిలో పమిట చెంగులు నోళ్లకు అడ్డం వచ్చాయి.

నెల తిరక్కుండా బాలికల హాస్టలు వంటమనిషి దేవమ్మ పోయింది. ఆమెకూ భర్తా పిల్లలూ లేరు. సాయంత్రం నాలుగింటికి భూస్థాపన. ఒకప్పుడు ఆ హాస్టల్లో చదివి నర్సయిన రాహేలు పొద్దున్నే వచ్చింది.

"మాస్టారూ, మా దేవమ్మక్కూడా ఓ మొగుణ్ణి రాసేస్తారా ఏంటండీ?"

ఆయన నవ్వలేదు. కాగితం ముందేసుకుని కూర్చున్నారు. పెళ్లి కొట్టేశారు, పిల్లల్ని కొట్టేశారు. మిగిలినవి మూడు తేదీలు. అందులో ఒకటి అంచనా. ఇది చదివితే మరెవరినో పూడ్చినట్టే.

చొక్కా తొడుక్కుని రాహేలు వెంట హాస్టలు వంటింటికి నడిచారు.

"ప్రార్థనాపరురాలేనా?" అని అడిగారు, అలవాటు కొద్దీ.

"ప్రసంగమప్పుడు గురక పెట్టేదండీ," అంది గిన్నెలు తోముతున్న సువర్ణ.

"అది రాయొచ్చంటావా?"

"రాయకపోతే ఆవిడని ఎవరు గుర్తుపడతారండీ?"

మాస్టారు పీట వాల్చుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా లేవలేదు.

గుడిలో ఆయన కొత్త కాగితం విప్పారు. దేవమ్మ దివిసీమ నుంచి రేవు దాటి వచ్చిందని, ముప్పై ఏళ్లు గంజి వార్చిందని, ప్రసంగంలో గురక పెట్టేదని చదివారు. ముందు నవ్వింది పాస్టరు గారే.

"ఆదివారం ఎవరూ చూడటానికి రాని పిల్లను వెనక గుమ్మంలోకి పిలిచేది. అడుగంటిన అన్నం గోకి, బెల్లం ముక్కతో పెట్టేది," అని చదివారు మాస్టారు.

"బెల్లం కాదు మాస్టారూ, కొబ్బరి," అంది వెనక వరసలో ఒకామె.

"నాకు బెల్లమే పెట్టింది," అంది ఆమె పక్కనున్నావిడ.

"నువ్వు ఎక్కువ ఏడ్చేదానివిలేవే, అందుకని," అంది రాహేలు.

గుడంతా నవ్వింది. పెట్టె ఎత్తబోయినవాళ్లు చేతులు వెనక్కి తీసుకున్నారు. దేవదానం మాస్టారు జేబులోంచి పెన్సిలు తీసి, బెల్లం పక్కన కొబ్బరి అని రాశారు.

"ఇంకెవరికి ఏం పెట్టిందమ్మా?" అని అడిగారు.