మజ్జిగ తాగి ఆడకుండా వచ్చేశాం

1974. ఈ సాయంత్రం గుంతకల్లు రైల్వే కాలనీలోని మా వాలీబాల్ జట్టు పక్క ఊరికి ఆటకు వెళ్ళింది. నల్లవాళ్ళను చట్టం పెట్టి వెలివేసే దక్షిణాఫ్రికాకు ఏ ప్రభుత్వమూ జట్టును పంపకూడదని దారంతా నేను వాదిస్తూనే ఉన్నాను.

ఆటకు ముందు ఊరివాళ్ళు మాకు గ్లాసుల్లో మజ్జిగ ఇచ్చారు. మాలపల్లె నుంచి వచ్చి మా జట్టులో ఆడే ఏసన్నకు మాత్రం గ్లాసు ఇవ్వకుండా, ఎత్తి దోసిట్లో పోశారు. నేను అప్పటికే తాగేసి మూతి తుడుచుకుంటున్నాను.

"అన్నా, ఆ దేశానికి పోగూడదంటివి కదా. మరి ఈడికి ఎందుకొచ్చినాం?" అన్నాడు ఏసన్న.

బంతి సంచిలో వేసుకుని, ఆడకుండా తిరిగొచ్చాం.

ప్రభుత్వాలు జట్లను పంపకూడదనే ఇప్పటికీ అంటాను. కానీ ఆ ఊరికి మేం వెళ్ళడం ఇది నాలుగోసారి; ముందు మూడుసార్లూ ఏసన్నకు దోసిట్లోనే పోసినా ఆడే వచ్చాం. అలాంటి ఊరికి మీ జట్టు ఎన్నిసార్లు వెళ్ళింది?