చుట్టం వచ్చినాడు, కంప్యూటర్ కప్పేయండి

కన్నకూతురిని పట్టుకుని ఎవరో తెలియదన్న తండ్రిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ధర్మవరం రండి. మా పట్టుచీరల అంగడిలో గల్లాపెట్టె వెనక కూర్చుని ఉంటాను. కోపంలో అన్నమాట కాదది. మా ప్రసన్న ఉద్యోగానికి సాయపడి తీరాలని కంకణం కట్టుకున్న రోజుల్లోనే, పట్టపగలు, సాక్షుల ముందు అన్నాను. ఇది జరిగి నాలుగేళ్లయింది.

అప్పుడు ప్రసన్న హిందూపురంలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. కాలేజీవాళ్లు తల్లిదండ్రులను పిలిచి మీటింగు పెట్టారు. పిల్లల ఉద్యోగాలకు మీరెలా తోడ్పడాలో వినండి అంటూ ఒక మేడం చాలా చెప్పింది. పక్కింటి పిల్లలతో పోల్చొద్దంది, మీ పిల్లలు చెప్పేది వినమంది, వీలైతే మీ పనిలోనే వాళ్లకు పని నేర్చుకునే అవకాశం ఇవ్వమంది. నేను పరీక్ష రాసేవాడిలా అన్నీ నోటుపుస్తకంలో ఎక్కించాను. రైల్లో తిరిగొచ్చేటప్పుడు మా ఆవిడకు రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి ఆమె నిద్రపోయింది.

చెప్పినట్టే అంగడిని కూతురి చేతికిచ్చాను. సెలవులొచ్చినప్పుడల్లా ప్రసన్న బీరువాలన్నీ దించి, ప్రతి చీరకూ ఒక నంబరు పెట్టి, ఏ రంగు ఏ అరలో ఉందో చెప్పే ప్రోగ్రాం ఒకటి రాసింది. ముప్పై ఏళ్లుగా మా దగ్గర పనిచేస్తున్న గుమాస్తా ఓబులేసు మొదట మూతి ముడుచుకున్నాడు గానీ, తర్వాత కంప్యూటరుకు రోజూ సాంబ్రాణి వేయడం మొదలుపెట్టాడు. మాటలు కూడా వినిపించే కెమెరా ఒకటి గోడకు పెట్టించింది ప్రసన్న. అందులో పడేదంతా తన ఫోన్లో కనిపిస్తుందట. ఈ కెమెరాను మీరు మరిచిపోకండి. నేను మరిచిపోయాను.

పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే కంపెనీ ఒకటి ఇంటర్వ్యూకు పిలిచింది. అంగడిలో చేసిన పని గురించే గంటసేపు అడిగి, వాళ్ల స్టోర్స్‌లో ఉద్యోగం ఇస్తామన్నారు. కాకపోతే దరఖాస్తులో రాసింది నిజమో కాదో మనిషిని పంపి విచారిస్తారట.

"నాయనా, కంపెనీ తరపున ఎవురన్నా వచ్చి అడుగుతారు. ఉండేది ఉన్నట్టు చెప్పు, సాలు" అంది ప్రసన్న.

"అది గూడా నాకు చెప్పాల్నా?" అని నవ్వాను. నా ఊహలో ఆ మనిషి కారులో వస్తాడు, టై కట్టుకుని ఉంటాడు, ఇంగ్లీషులో అడుగుతాడు. జవాబు కూడా ఇంగ్లీషులో బట్టీపట్టాను.

ఇక్కడ మా బజారు అలవాటు ఒకటి మీకు చెప్పాలి. మెడలో కార్డు, భుజాన సంచి వేసుకున్న కొత్త మనిషి వీధిలో అడుగుపెట్టాడంటే వాడు ఆఫీసరే. ఏ ఆఫీసని అడిగేవాడు ఉండడు. మొదటి అంగడివాడు రెండో అంగడికి ఫోను చేస్తాడు: "చుట్టం వచ్చినాడు." అంతే, వీధి వీధంతా కుంచించుకుపోతుంది. ఉన్న సరుకు లేనట్టు, ఉన్న మనుషులు లేనట్టు. దాచాల్సింది ఏమీ లేకపోయినా దాస్తాం. మా నాయన దాచాడు, ఆయన నాయన దాచాడు, నేను మాత్రం ఎలా ఊరుకుంటాను?

ఒకరోజు పొద్దున పదకొండు గంటలకు ఫోను మోగింది. చుట్టం వచ్చాడు. నేను కంప్యూటరు మీద చీరలు కప్పేశాను. ఓబులేసు చెప్పకుండానే గల్లాపెట్టె అవతలికి దూకి కొనడానికొచ్చినవాడిలా కూర్చున్నాడు. టూవీలర్ దిగి, దుమ్ము దులుపుకుంటూ ఒక మనిషి లోపలికొచ్చాడు. వెరిఫికేషన్ కోసం వచ్చానన్నాడు. మా బజారులో ఆ మాట వింటే చాలు, మిగతావి చెవికెక్కవు.

స్టాకంతా కంప్యూటర్లో పెట్టారట కదా అని అడిగాడు.

"కంప్యూటరా? యాడ సార్? ఇంత చిన్న అంగడికి కంప్యూటరెందుకు, అంతా నా తలకాయలోనే ఉండాది."

ఆయన చీరల కుప్ప వైపు చూసి అవేమిటన్నాడు. పాత చీరలు సార్ అన్నాను. ఆ పాత చీరలు సరిగ్గా అప్పుడే టింగుమన్నాయి. నేను గట్టిగా దగ్గాను. ఎంతమంది పనిచేస్తారంటే నేనొక్కన్నే అన్నాను. ఓబులేసు ఒక చీర అంచు నలుపుతూ, ముప్పై ఏళ్ల కసి తీర్చుకుంటున్నట్టు, "ఇంగా మంచిది లేదేమప్పా నీ అంగట్లో?" అన్నాడు.

"ప్రసన్న అని ఒకమ్మాయి మీ దగ్గర పనిచేసిందా?"

పిల్ల సెలవుల్లో అంగట్లో కూర్చుంటున్న సంగతి ఎవరో ఆఫీసరుకు చేరవేశారు అనుకున్నాను.

"ఎవురు సార్ ఆమె? అట్లాంటి పిల్ల మాకు తెలీదు."

ఆయన రాసుకుని, దండం పెట్టి వెళ్లిపోయాడు. బజారంతా వచ్చి నన్ను మెచ్చుకుంది. ఓబులేసు నటనకు టీ ఇప్పించాను.

మూడోరోజు ప్రసన్న హాస్టల్ నుంచి ఫోను చేసి, అంగడికి ఎవరైనా వచ్చారా అని అడిగింది.

"ఒగాయన వచ్చినాడు లేమ్మా. బాగా తప్పిచ్చినా" అన్నాను గర్వంగా.

ప్రసన్న కంపెనీ పంపిన ఉత్తరం చదివి వినిపించింది. అంగడిలో కంప్యూటరు లేదు, పనివాళ్లు లేరు, ప్రసన్న ఎవరో యజమానికే తెలియదు. రెండు రోజుల్లో రుజువు చూపకపోతే ఉద్యోగం వరసలో తర్వాతి వాళ్లకు పోతుంది. పిల్ల ఏడాది కష్టాన్ని ఐదు నిమిషాల్లో నా చేతులతోనే కాల్చేశానని తెలిసి, ఆ పాత చీరల మీదే కూలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి పెనుకొండలో దిగాను. ప్రసన్న హిందూపురం నుంచి వచ్చింది. నా వైపు చూడకుండా ముందు నడిచింది. కంపెనీ మేడం ముందు కూర్చుని జరిగిందంతా చెప్పుకున్నాను.

"అప్పుడు లేదన్నారు, ఇప్పుడు ఉందంటున్నారు. మీరు చెప్పేవాటిలో ఏది నమ్మాలండీ?" అంది మేడం.

ప్రసన్న ఫోను తీసి కెమెరాలో పడిన ఆనాటి వీడియో పెట్టింది. నేను చీరలు కప్పడం, ఓబులేసు దూకడం, అన్నీ ఉన్నాయి. పక్క టేబుళ్లవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. పాత చీరలు టింగుమన్నప్పుడు మేడం నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత నా గొంతు వినిపించింది: "అట్లాంటి పిల్ల మాకు తెలీదు." ఎవరూ నవ్వలేదు.

ప్రసన్న వీడియో ఆపింది. "కంప్యూటర్ని దాచినావు, ఓబులేసు మామను దాచినావు, సరే. నన్నెందుకు దాచినావు నాయనా?"

ఆ రోజు పడిన సిగ్గు పగవాడికి కూడా వద్దు. చివరికి మేడమే కల్పించుకుంది.

"సొంత కూతుర్నే దాచే మనిషి అంగట్లో ఈ అమ్మాయి స్టాకు లెక్క తేల్చిందంటే, మా స్టోర్స్ ఈమెకొక లెక్కా?"

ఉద్యోగం నిలబడింది. ప్రసన్న ఇప్పుడు ఆ స్టోర్స్ మొత్తానికి పెద్ద.

అప్పటినుంచి నేను మారిపోయాను. మెడలో కార్డు కనబడితే చాలు, కొరియరు అబ్బాయైనా, కరెంటు మీటరు చూసేవాడైనా, కూర్చోబెట్టి చెప్పేస్తాను. ఇదో కంప్యూటరు, ఇదో ప్రోగ్రాం, రాసింది మా పాప, వాడు ఓబులేసు, మా మనిషే. పోయిన నెల ఒకాయనకు అలాగే అరలన్నీ తీసి చూపించాను. ప్రసన్న కోసం ఇంకో వెరిఫికేషన్ ఏమో అని, అడగకుండానే పక్క అంగళ్లలో ఏముందో కూడా చెప్పాను. ఆయన కళ్లు తుడుచుకుని, పదిహేనేళ్ల సర్వీసులో తనకు ఇంత సాయం చేసిన వ్యాపారి లేడన్నాడు.

ఆయన నిజంగానే పన్నుల ఆఫీసరు.

బజారు నాతో మాట్లాడటం మానేసింది. చుట్టం వచ్చాడన్న ఫోను ఇప్పుడు మా అంగడిని దాటి అవతలికి పోతోంది. అయినా సరే, పట్టుచీర మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఎవరొచ్చి అడిగినా నా కూతురు నాకు తెలుసు. పక్క అంగడివాళ్లు మాత్రం ఎవరో నాకు తెలియదు.