ఖయ్యూమ్ మాస్టర్ మాఫీ యాత్ర

విజయవాడ వన్‌టౌన్‌లో టైలర్ ఖయ్యూమ్ మాస్టర్‌కి రెండు రకాల పేరుంది. కుట్టడంలో ఘనుడని ఒకటి, చెప్పిన రోజుకి ఇవ్వడంలో అసాధ్యుడని ఒకటి. నలభై ఏళ్ళుగా మిషను తొక్కుతున్నా కాలర్ వంకర పోయిందని ఆయన్ని అన్నవాళ్ళు లేరు. అనాలనుకున్నవాళ్ళు కూడా ఆయన నోటికి జడిసి మానుకున్నారు. "పండక్కి ఇస్తానన్నారు కదండీ" అని ఎవరైనా నిలదీస్తే, "ఏ పండగో చెప్పానా?" అని ఎదురడిగే మనిషి.

అలాంటి మనిషికి అరవై మూడో ఏట హజ్‌కి పిలుపొచ్చింది. భార్య దిల్షాద్ బేగంతో కలిసి శుక్రవారం విమానమెక్కాలి. టీకాలయ్యాయి, సూట్‌కేసులు సర్దడం అయింది. ఇక ఏ దిగులూ లేదనుకుంటున్నప్పుడు ఆఖరి శిక్షణ తరగతిలో మౌలానా గారు బాంబు పేల్చారు.

"అల్లా దయకి అంతులేదు. ఆయన పట్ల చేసిన తప్పులు ఆయన చూసుకుంటాడు. మనుషుల పట్ల చేసినవి మాత్రం ఆ మనుషులే మాఫ్ చెయ్యాలి. బయలుదేరేలోపు అందర్నీ అడిగి రండి."

హజ్‌కి వెళ్ళేవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి "తెలిసో తెలియకో ఏమన్నా అని ఉంటే క్షమించండి" అనడం, అవతలివాళ్ళు "అయ్యో, అవేం మాటలు, మా కోసం కూడా ప్రార్థించండి" అనడం పాత మర్యాదే. ఆ మర్యాద ఖయ్యూమ్‌కి తెలుసు. తన జాబితా ఎంత పొడుగో మాత్రం తెలియదు.

దిల్షాద్ బేగం తన మాఫీలన్నీ ఒక మధ్యాహ్నం కూర పోపేస్తూ ఫోన్లోనే ముగించేసింది. మొత్తం ముగ్గురు. వాళ్ళలో ఒకావిడకి గొడవ ఎందుకొచ్చిందో కూడా గుర్తులేదట. తర్వాత ఆవిడ పెన్నూ కాగితం పుచ్చుకుని భర్త ఎదురుగా కూర్చుంది.

"నాకెవరున్నారు? మహా అయితే నలుగురు" అన్నాడు ఖయ్యూమ్.

ఆవిడ గుర్తు చేసుకుంటూ రాయడం మొదలెట్టింది. సాయంత్రం అజాన్ వినపడేసరికి నలభై ఒకటో పేరు రాస్తోంది.

"ఆ చివరి పేరెవరిది?" అన్నాడు, కళ్ళజోడు సవరించుకుంటూ.

"నాదే. ముందు ఇక్కడి నుంచే కానివ్వండి" అంది దిల్షాద్ బేగం. ఖయ్యూమ్ గొంతు సవరించుకుని, నలభై ఏళ్ళలో మొదటిసారి పెళ్ళాన్ని క్షమాపణ అడిగాడు. ఆవిడ ఆలోచించి చెబుతానంది.

ఖయ్యూమ్ ఏ పనీ పైపైన చేసే రకం కాదు. బయటికి కనపడని లోపలి కుట్టు కూడా తిన్నగా ఉండాలంటాడు. అందుకని ఊరికే క్షమించమంటే చెల్లదనీ, తప్పేమిటో విప్పి చెప్పి మరీ అడగాలనీ తనకు తానే ఒక నియమం పెట్టుకున్నాడు. మౌలానా గారు అంత లోతుకి పొమ్మనలేదు. కొంప ముంచింది ఆ నియమమే.

లెక్కల మాస్టారుగా రిటైరైన జయపాల్ గారి ఇంటికి వెళ్ళి, "మీ పెళ్ళి సూటు గుడ్డలో ముక్క మిగుల్చుకున్నానండి. అందుకే ప్యాంటు నడుం దగ్గర బిగిసింది" అని ఒప్పేసుకున్నాడు.

జయపాల్ గారు తన నడుం తడిమి చూసుకున్నారు.

"అంటే నేను లావెక్కలేదా?"

"లేదండి."

"ప్యాంటు పట్టడం లేదని ఆ రోజు నుంచీ రాత్రిపూట అన్నం మానేశానయ్యా! ముప్పై రెండేళ్ళుగా పుల్కాలు తింటున్నాను!"

క్షమించడమైతే క్షమించారు. ఆ రాత్రి ఆయన మూడుసార్లు అన్నం వడ్డించుకున్నారని తర్వాత ఊళ్ళో చెప్పుకున్నారు.

ఇలా తిట్లు తిని, టీలు తాగి, మంగళవారానికి జాబితా దాదాపు అంతా కొట్టేయించుకున్నాడు. దిల్షాద్ బేగం కూడా, ఇకమీదట కూరలో ఉప్పు గురించి మాట్లాడకూడదన్న షరతు మీద క్షమించింది. మిగిలింది ఒక్క పేరే, హనుమాన్ జంక్షన్‌లో బియ్యం మిల్లున్న వెంకటప్పయ్య గారు. ఒకప్పుడు చొక్కాలన్నీ ఖయ్యూమ్ దగ్గరే కుట్టించుకునేవాడు. పాతికేళ్ళ కింద ఉన్నట్టుండి రావడం మానేశాడు. ఎందుకు మానేశాడో ఖయ్యూమ్‌కి అంతుబట్టలేదు. అంతుబట్టాలని పెద్దగా ప్రయత్నించనూ లేదు.

బుధవారం బస్సెక్కి వెళ్ళాడు. వెంకటప్పయ్య భార్య మాణిక్యం మజ్జిగిచ్చి కూర్చోబెట్టింది. డెబ్బై నాలుగేళ్ళ వెంకటప్పయ్య వాలుకుర్చీలో కూర్చుని అంతా విన్నాడు. మీ గుడ్డల్లో కూడా ముక్కలు మిగుల్చుకున్నానండి, క్షమించండి అని ఖయ్యూమ్ చేతులు కట్టుకున్నాడు.

"క్షమించను" అన్నాడు వెంకటప్పయ్య.

నలభై మందిలో ఒక్కరూ ఆ మాట అనలేదు. తిట్టినవాళ్ళు కూడా తిట్టడం అయ్యాక క్షమించారు.

"గుడ్డముక్క కోసమా పాతికేళ్ళు నేను మీ కొట్టు గడప తొక్కనిది? ఆ సంగతి మీరు చెబితే ఇప్పుడే తెలిసింది. అసలుది వేరే ఉంది. ఆలోచించుకుని రండి."

ఇంటికొచ్చి ఖయ్యూమ్ అన్నం ముట్టలేదు. ఈ ఒక్క మనిషి క్షమించకపోతే ఏ మొహం పెట్టుకుని కాబా ముందు నిలబడాలని కుమిలిపోయాడు. దిల్షాద్ బేగం జాలిపడి తనూ బుర్ర పెట్టింది. "మా తమ్ముడు ఫొటో దిగడానికి మంచి చొక్కా లేదంటే, కుట్టి పెట్టిన ఎవరిదో గళ్ళ చొక్కా తొడిగి పంపారు కదా, అది ఆయనదేనా?" అంది. ఖయ్యూమ్ నెత్తి మీద నుంచి బస్తా దించినంత పనైంది.

గురువారం పొద్దున్నే మొదటి బస్సుకి మళ్ళీ వెళ్ళాడు. "మీ గళ్ళ చొక్కాని మా బావమరిదికి ఒక పూట తొడిగించానండి. మళ్ళీ ఇస్త్రీ చేసి మీకిచ్చాను" అని చెప్పాడో లేదో, లోపల్నుంచి మాణిక్యం పరుగున వచ్చింది.

"గోధుమరంగు గళ్ళదా? మీ బావమరిది అత్తరు పూసుకుంటాడా?"

"పూసుకుంటాడండి. కాస్త దట్టంగానే."

"కొత్త చొక్కాకి అత్తరు వాసనేమిట్రా భగవంతుడా అని పదిహేను రోజులు ఈయనతో మాట మానేశాను కదయ్యా ఖయ్యూమ్ భాయ్!" అని ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"ఎందుకు మానేసిందో నాకూ ఇవాళే తెలిసింది" అన్నాడు వెంకటప్పయ్య పళ్ళు నూరుతూ. "ఇదీ కాదు."

మాణిక్యం అక్కడికక్కడే క్షమించేసింది. ఆయన మాత్రం బిగుసుకుని కూర్చున్నాడు. తెల్లారితే విమానం. ఖయ్యూమ్‌కి ఏడుపొక్కటే తక్కువ. "నాకు తెలియడం లేదండి. బుర్రంతా గాలించాను. ఏం చేశానో మీరే చెప్పండి" అన్నాడు. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే దర్పం లేదు.

వెంకటప్పయ్య కొంచెం మెత్తబడ్డాడు.

"మిల్లు కొన్న ఏడు, ప్రారంభోత్సవానికి కోటు కుట్టించుకుందామని వచ్చాను. అంతకుముందు ఎప్పుడూ ఆది చొక్కా పంపేవాణ్ణి. ఒంటి మీద టేపు పెట్టనిచ్చింది ఆ రోజే. నాతోపాటు నలుగురు మిల్లుల వాళ్ళు వచ్చారు. మీరు కొలతలు గట్టిగా చెబుతుంటే మీ గుమాస్తా రాసుకుంటున్నాడు. 'ఎడమ భుజం అంగుళంన్నర కిందికి' అని కేకేశారు. అక్కడితో ఆగారా? 'బస్తాలు మోసిన భుజమండీ ఇది, నా టేపు దగ్గర ఏదీ దాగదు' అన్నారు. కొట్లో అందరూ నవ్వారు."

ఖయ్యూమ్ చూపు ఆయన ఎడమ భుజం మీదికి పోయింది.

"నిజమే, తాడేపల్లిగూడెంలో పదేళ్ళు బస్తాలు మోశాను. మోసినందుకు నాకు సిగ్గులేదు. కానీ ఆ సంగతి ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నేను కదా అనుకోవాలి? నడి కొట్లో నా ఒంటి మీద చొక్కా లాగేసినట్టు చేశారు."

"కానీ ఆ కోటు..." అని ఖయ్యూమ్ నసిగాడు. ఆ కోటు తన జీవితంలోకెల్లా గొప్ప పని. ఎడమ భుజం లోపల మెత్త పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టి, రెండు భుజాలూ ఒకే ఎత్తున కనపడేలా కుట్టాడు.

"కోటు బాగుంది. ఒక్కసారే తొడుక్కున్నాను. చూసిన ప్రతివాడూ లోపల మెత్త ఎక్కడుందా అని నా భుజం వైపే చూశాడు."

అల్లా పేర్లలో సత్తార్ అని ఒకటుందనీ, మనిషి లోపాల్ని నలుగురి కళ్ళా పడకుండా కప్పేవాడని దానర్థమనీ శిక్షణలో చెప్పారు. దయ అంటే అది కూడానట. 'అయితే ఇది మా టైలర్ల పేరే' అని ఖయ్యూమ్ ఆ రోజు పక్కవాడితో గొప్పగా అన్నాడు. చేత్తో కప్పినదంతా నోటితో విప్పేశానని ఆయనకి ఇప్పుడు తెలిసింది. తెలిసేసరికి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాదించలేదు. ఖయ్యూమ్ మాస్టర్ వాదించకపోవడం అదే మొదటిసారి.

"మాఫీ అడిగే మొహం కూడా లేదండి నాకు. వస్తాను" అని లేచాడు.

"కూర్చోండి" అన్నాడు వెంకటప్పయ్య. ఎడమ భుజం మీద చొక్కా పైకి లాక్కుని, "రెడీమేడ్ చొక్కాలు తొడుక్కోలేక చస్తున్నాను. ఎడమవైపు జారిపోతూనే ఉంటాయి. కొలతలు తీసుకోండి. తిరిగొచ్చాక కుడుదురుగాని" అన్నాడు.

ఖయ్యూమ్ కళ్ళు తుడుచుకుని జేబులోంచి టేపు తీశాడు. మాణిక్యం కాగితమూ పెన్నూ తెచ్చుకుంది. సరిగ్గా అప్పుడే ధాన్యం బేరానికని ముగ్గురు రైతులొచ్చి వరండాలో కూర్చున్నారు. వెంకటప్పయ్య వాళ్ళని చూసి ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత చేతులు కిందికి వదిలి తిన్నగా నిలబడ్డాడు. ఖయ్యూమ్ ఛాతీ చెప్పాడు, పొడవు చెప్పాడు, చేతులు చెప్పాడు. మాణిక్యం రాసుకుంది. టేపు భుజాల దగ్గరికి వచ్చింది. వయసు మీదపడి ఎడమ భుజం ఇంకా కిందికి దిగింది. అంగుళంన్నర ఇప్పుడు రెండంగుళాలైంది.

"భుజాలెంత రాసుకోను, ఖయ్యూమ్ భాయ్?" అంది మాణిక్యం.

రైతులు కూడా తలలెత్తి చూశారు.

"రెండూ సమానమేనండి, అక్కయ్య గారూ."

యాభై ఏళ్ళుగా ఆ భుజానికి నూనె రాసి మర్దనా చేస్తున్న మనిషి ఆవిడ. పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత తల వంచుకుని, సమానం అని రాసింది.

వెంకటప్పయ్య ఖయ్యూమ్ చెవి దగ్గరికి వంగాడు. "రేపు హజ్‌కి వెళ్ళేవాడివి, అబద్ధమాడొచ్చా?" అన్నాడు రైతులకి వినపడకుండా.

"ఆడకూడదండి. దీన్ని కూడా కలిపి క్షమించండి."

వెంకటప్పయ్య ఆయన చెయ్యి పట్టుకుని తన ఎడమ భుజం మీద పెట్టుకున్నాడు.

"కలిపే చేశానయ్యా. వెళ్ళిరా."