అత్తగారి దొంగ ఎగ్జామినరు

యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థులకు పరిశోధన చేసే పద్ధతి, గ్రాంటుకు దరఖాస్తు రాసే పద్ధతి, క్లాసులో పాఠం చెప్పే పద్ధతి నేర్పే ఆవిడను అందరూ అత్తగారు అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ, వెనకాల గొణిగినా ఆవిడ "ఆఁ, ఏంటి?" అని పలుకుతుంది. ఆవిడకు కొడుకులూ లేరు, కోడళ్ళూ లేరు. అయినా మూడో అంతస్తులో, నీళ్ళ ట్యాంకు కింద ఉన్న ఆ గదిలో అడుగు పెట్టిన ప్రతివాడూ కొత్తకోడలిలా కుర్చీ అంచున కూర్చుంటాడు.

అత్తగారి చరిత్ర ఘనమైనది. రసాయన శాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకుని, మొట్టమొదటి పాఠం చెప్పడానికి వెళ్ళి, భయంతో బోర్డు వైపు తిరిగి గంటసేపు అనర్గళంగా మాట్లాడింది. ఆఖర్న "సందేహాలేమైనా ఉన్నాయా?" అంటూ వెనక్కి తిరిగితే, గదికి తాళం వేయడానికి వచ్చిన అటెండరు ఒక్కడే నిలబడి ఉన్నాడు. "నాకైతే అంతా అర్థమైందమ్మా" అన్నాడట పాపం, మర్యాదకి. ఆ మర్యాద దెబ్బ గట్టిగానే తగిలింది. పాఠం చెప్పడం పుట్టుకతో ఎవరికీ రాదనీ, ఎవరో ఒకరు నేర్పి తీరాలనీ ఆవిడ తీర్మానించింది. ఇంకెవరూ ముందుకు రాకపోవడంతో ఆ ఎవరో తానే అయింది.

ఆవిడ పద్ధతులు ఏ గ్రంథంలోనూ ఉండవు. "నీ పరిశోధన గురించి మీ అమ్మకి చెప్పు. 'అయితే ఏంటట?' అంటుంది. దానికి జవాబు దొరికాక నా దగ్గరికి రా" అంటుంది. గ్రాంటు దరఖాస్తులను పొద్దున్నే కాఫీ దగ్గర భర్తకు చదివి వినిపిస్తుంది. మందుల షాపు నడిపే ఆ పెద్దమనిషి పేపరు చదువుకుంటూనే ఉంటే దరఖాస్తు మళ్ళీ రాయాలి. పేపరు కిందికి దించితే పాసు. అంతకు మించి ఆయన అభిప్రాయాలు చెప్పడు. పెళ్ళైన కొత్తలో ఒకసారి చెప్పి చూశాడు.

అన్నిటికన్నా పేరు మోసింది ఆవిడ అల్లరి క్లాసు. ఒకరు పాఠం చెబుతుంటే తక్కినవాళ్ళు చెడ్డ విద్యార్థుల వేషాలు వేయాలి. ఒకడు నిద్రపోతాడు. ఒకతె ఫోనులో మునిగిపోతుంది. ఒకడు అయిదు నిమిషాలకోసారి "ఇది పరీక్షలో వస్తుందా?" అంటాడు. ఆఖరి రిహార్సలుకి మాత్రం అత్తగారు బయటి నుంచి ఒక దొంగ ఎగ్జామినరును తెచ్చి వెనక బెంచీలో కూర్చోబెడుతుంది. ఎప్పుడు ఎవరొస్తారో విద్యార్థులకు తెలియదు. లిఫ్టు మెకానిక్కు వచ్చాడు. పళ్ళ డాక్టరు వచ్చి, పాఠం మధ్యలో "కొంచెం నోరు బాగా తెరిచి మాట్లాడమ్మా" అని అలవాటు కొద్దీ అనేశాడు.

ఆ ఏడాది ఆవిడకు దిగులు పట్టించింది చీమల పిల్ల. దారి చెరిగిపోతే చీమలు కొత్త దారి ఎలా వెతుక్కుంటాయన్నది ఆ అమ్మాయి పరిశోధన. తోటివాళ్ళ ముందు గలగలా మాట్లాడుతుంది. అధికారం ఉన్న మనిషి ఎదురుగా కనబడితే చాలు, గొంతు పోతుంది. ఫెలోషిప్పు కమిటీ పెట్టే బోధన పరీక్ష ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోది ఆఖరిది. అది కూడా పోతే ఫెలోషిప్పు ఆగిపోతుంది, పరిశోధన సగంలో మూత పడుతుంది.

గురువారం పరీక్ష. బుధవారం రిహార్సలు. ఈసారి దొంగ ఎగ్జామినరుగా ఫ్యాన్ల దుకాణం నడిపే తన మరిదిని రమ్మంది అత్తగారు.

పాఠం మొదలైన కాసేపటికి తలుపు తోసుకుని, నలిగిన చొక్కా, చేతిలో గొడుగు, చంకలో ఫైలుతో ఒకాయన వచ్చి వెనక కూర్చున్నాడు. కూర్చుని దగ్గాడు. చీమల పిల్ల ముందు బెంచీ వాళ్ళకేసి చూసి కన్ను కొట్టింది. ఓ మూల కూర్చుని ఏదో రాసుకుంటున్న అత్తగారు తలెత్తలేదు. అప్పుడే ఆవిడ ఫోను మోగీ మోగకుండా మూలిగింది. మరిది మెసేజీ: "వదినా, షాపులో సరుకు దిగుతోంది. రాలేను. ఏమనుకోకు."

ఆవిడ మెల్లగా వెనక్కి చూసింది. ఆ ఫైలు మీద ఫెలోషిప్పు కమిటీ ముద్ర ఉంది. చెప్పిన రోజున వెళితే గోడలకు వేసిన సున్నం తప్ప ఏమీ కనబడదని, ఒక రోజు ముందే ఊడిపడే రకం ఎగ్జామినరు అన్నమాట.

చెబితే పిల్ల గొంతు పోతుంది. చెప్పకపోతే ఏం కూస్తుందో తెలియదు. సైగ చేసేస్తానేమోనని అత్తగారు తన రెండు చేతుల మీదా తానే కూర్చుంది.

"ఆగమ్మా" అన్నాడు ఆయన. "చీమలు దారి తప్పితే మనకేంటి? దీనికి జనం డబ్బెందుకు తగలేయాలి?"

"వెనకాల కూర్చుని అడిగితే ఎలా అండీ? ముందుకి రండి" అంది చీమల పిల్ల హుషారుగా. "రండి రండి, ఎవరూ కొరకరు."

ఆయన వచ్చాడు. ఆమె బోర్డు మీద ఒక చివర పుట్ట, ఇంకో చివర చక్కెర గీసింది. మధ్యలో దారి గీసి, సగం చెరిపేసి, సుద్దముక్క ఆయన చేతిలో పెట్టింది.

"మీరు చీమ. వెళ్ళండి."

"నేనా?"

"మరి? చీమలు దారి తప్పితే మనకేంటని అడిగింది మీరేగా!"

ఆయన తిన్నగా గీత గీశాడు.

"మీకు చక్కెర కనిపిస్తోంది కాబట్టి వెళ్ళారు. చీమకి కనబడదు. కళ్ళు మూసుకోండి."

కమిటీవారు కళ్ళు మూసుకుని గీసిన గీత బోర్డు దాటి, గోడ మీదుగా స్విచ్చుల దగ్గరికి చేరింది. క్లాసంతా ఘొల్లుమంది. నిద్ర వేషంలో ఉన్నవాడు కూడా లేచి నవ్వాడు.

"పాపం, కరెంటు షాకు కొట్టి పోయారు" అంది చీమల పిల్ల. "నిజం చీమలైతే ఒక్కటి కాదు, వంద బయల్దేరతాయి. ఏ ఒక్కదానికి అవతలి ముక్క తగిలినా మిగతావాటికి దారి దొరుకుతుంది. వరదలో రోడ్డు కొట్టుకుపోయి, ఫోన్లు పోయి, బియ్యం లారీలు ఎటు మళ్ళాలో చెప్పేవాడు లేనప్పుడు ఈ లెక్క పనికొస్తుంది. అందుకండీ జనం డబ్బు."

"నీ లెక్క తప్పయితే?"

"తప్పో కాదో తేలడానికే ఇంకో ఏడాది అడుగుతున్నా."

పాఠం అయిపోయింది. అత్తగారు లేచి వచ్చేలోపే చీమల పిల్ల ఆయన చేయి పట్టుకుని ఊపేసింది. "భలే చేశారు బాబాయ్! దగ్గు ఒక్కటీ కొంచెం ఎక్కువైంది గానీ, పళ్ళ డాక్టరు మీ ముందు బలాదూర్!"

"ఏం చేశాను?" అన్నాడు ఆయన.

"అమ్మాయ్, ఆయన నిజం" అంది అత్తగారు.

చీమల పిల్ల చేయి వెనక్కి తీసుకుని టేబులు అంచు పట్టుకుంది.

అత్తగారు చెబుతుంటే ఆయన సంగతంతా విన్నాడు. కోప్పడలేదు. అదే ఎక్కువ భయంగా ఉంది. "అయితే ఇప్పుడు నేనేం రాయాలి?" అన్నాడు. "ఈ అమ్మాయికి పాఠం చెప్పడం వచ్చని రాయాలా? ఎదుటివాడెవడో తెలియకపోతేనే వచ్చని రాయాలా?"

న్యాయమైన ప్రశ్నే.

"ఇప్పుడు చెప్పు. నేనెవరో తెలిసిందిగా. మళ్ళీ మొదటి నుంచి."

చీమల పిల్ల నోరు తెరిచింది. శబ్దం రాలేదు. మళ్ళీ తెరిచింది. మొహం ఎర్రబడింది. తోటివాళ్ళు తలలు దించుకున్నారు.

ఆమె బోర్డు దగ్గరికి నడిచింది. గీతలన్నీ తుడిచింది. మళ్ళీ పుట్ట గీసి, చక్కెర గీసి, దారి గీసి చెరిపింది. సుద్దముక్క తీసుకుని ఆయన ముందుకు పట్టింది. ఆయన అందుకునేదాకా చేయి వెనక్కి తీయలేదు.

ఆయన తీసుకున్నాడు. బోర్డు దగ్గరికి వెళ్ళి కళ్ళు మూసుకున్నాడు. గీత ఈసారి వంపులు తిరుగుతూ, అచ్చం చక్కెర వైపే సాగింది.

"సార్" అంది ఆమె. గొంతు నూతిలోంచి వచ్చినట్టు ఉంది.

"ఆఁ?"

"మీరు చూస్తున్నారు."

"లేదే!"

"ఎడమ కన్ను తెరిచారు సార్." ఈసారి వెనక బెంచీ దాకా వినబడింది. "అలా అయితే లెక్కలోకి రాదు. చెరిపేసి మళ్ళీ గీయండి. మీకు కనబడకుండా అది ఎలా దొరుకుతుందో అప్పుడు చెబుతాను."

ఆయన చెరిపి మళ్ళీ గీశాడు. గీత ఎక్కడ తప్పిందో, వంద చీమల్లో ఏది ఎందుకు గెలుస్తుందో ఆమె ఆసాంతం చెప్పింది. అక్కడక్కడా మాట తడబడింది. ఆగింది. మళ్ళీ అందుకుంది. అంతా అయ్యాక ఆయన ఫైలు తెరిచి, రేపటి పరీక్ష ఇవాళే పాసైనట్టు రాసి, ఏడాది పొడిగింపు కాగితం మీద, సుద్ద అంటుకున్న చేత్తోనే సంతకం పెట్టాడు.

గొడుగు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగి బోర్డుకేసి చూశాడు.

"నా బస్సుకి ఇంకా టైముంది కదూ?"

"ఉంది సార్" అంది అత్తగారు.

"అయితే ఇంకొక్కసారి గీస్తాను. ఈసారి చూడను."