చింతపండుతో తోమిన రోము దేవుడు

దెయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే, ఆ పూట ఏం తాగారని అడిగే రకం నేను. నాకు అనుమానమెక్కువ అని మావాళ్లంతా అంటారు. నిజమే. కానీ నా అనుమానాలన్నీ మనుషుల మీదే. అందుకే బహ్రెయిన్‌లో జరిగిన ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మాది రాజోలు దగ్గర. తొంభైల్లో అక్కడి బుసైతీన్ అనే ఊళ్లో ఒక ఇంట్లో నాలుగేళ్లు పనిచేశాను. యజమానిని బాబా అని, ఆయన భార్యను మామా అని పిలిచేవాళ్లం. బాబాకి పాత వస్తువులు పోగుచెయ్యడం పిచ్చి. హాల్లో అద్దాల బీరువా నిండా అవే. వాటిలో జానెడు కంచు బొమ్మ ఒకటి ఉండేది. ఎప్పటిదో రోము దేవుడట. తల మీద రెక్కల టోపీ, చేతిలో చిన్న సంచి, ఒంటి మీద నూలుపోగు లేదు. ఒళ్లంతా పచ్చగా చిలుము.

రోజూ అద్దం తుడిచేటప్పుడు నా కళ్లు ఆ చిలుము మీదే పడేవి. ఎవరి దేవుడైతే ఏం, దేవుణ్ణి అలా ఉంచుతారా? ఇత్తడి విగ్రహాల మీద చిన్న మచ్చ కనబడితే చాలు, మా అత్తగారు ఇల్లు పీకి పందిరేసేది.

ఒకసారి బాబా ఏదో పని మీద బొంబాయి వెళ్లారు. ఆయన వచ్చేలోగా బీరువా శుభ్రం చెయ్యమని మామా తాళం చెవి ఇచ్చింది. ఆ రోజు శ్రావణ శుక్రవారం. ఇంకేముంది, బొమ్మను వంటింట్లోకి తీసుకెళ్లి చింతపండు, ఉప్పు వేసి తోమాను. పచ్చటి నీళ్లు కారాయి. కాసేపటికి దేవుడు కొత్త బిందెలా మెరిశాడు. కళ్లకు వెండి పొదిగి ఉందని అప్పుడే తెలిసింది. పాదాల కింద బాబా తెల్ల రంగుతో వేసుకున్న నంబరు కూడా ఆ తోముడికి పోయింది. అదీ మురికేననుకున్నాను.

మామా చూసి గుండెలు బాదుకుంది. ఆ చిలుమే దాని వయసుకు సాక్ష్యమట. అది పోతే, సూక్‌లో, అదే బజార్లో, కొన్న కొత్త బొమ్మకీ దీనికీ తేడా లేదట. అంటూ అంటూనే ఆవిడ గొంతు మారింది. అసలు ఇది ఆ బొమ్మేనా అంది. వెండి కళ్లెక్కడివి, నంబరేది, అసలుది ఎవరికిచ్చావు అని అడిగింది. బాబా చూస్తే పోలీసులే, ఖలాస్ అంది. నా పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది. నా పెట్టె, పరుపు, చివరికి బియ్యం డబ్బా కూడా వెతికింది. నాకు భయం కంటే అవమానం ఎక్కువైంది. పరాయి ఇంట్లో గుండుసూది ముట్టినదాన్ని కాదు.

బొమ్మను తనే బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళం చెవిని మెడలో గొలుసుకు తగిలించుకుంది.

ఆ ఇంట్లో తెలుగు తెలిసినవాడు డ్రైవర్ మల్లేశం ఒక్కడే. జగిత్యాల వైపు వాడు. ధైర్యం చెబుతాడనుకుంటే, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అక్కా, నాకొక్కనికి చెప్పు. అసల్ది ఏడ పెట్టినవ్? బాబా రాకముందే తెచ్చి పెడ్దాం."

"నీ నోరు పడిపోను! నువ్వు కూడా నన్ను దొంగంటావేంటి తమ్ముడూ?"

"నేనంటలేనక్కా, మామా అంటున్నది."

నాకు కడుపు మండిపోయింది. అప్పట్నించి వాడి మీద కూడా ఓ కన్నేసి ఉంచాను.

బాబా నాలుగో రోజున వస్తారన్నారు. రోజూ అద్దం తుడుస్తూ చూశాను, బొమ్మ మెరుస్తూనే ఉంది. నాలుగో రోజు పొద్దున మామా కూడా చూసి తిట్టుకుంటూ పోయింది. మధ్యాహ్నం మల్లేశం ఎయిర్‌పోర్టుకి వెళ్లాడు. నేను హాలు గుమ్మం కనబడేలా వంటింట్లో కూర్చుని ఉల్లిపాయలు తరిగాను. హాల్లోకి ఎవరూ వెళ్లలేదు.

బాబా వస్తూనే బీరువా దగ్గరికి నడిచారు. మామా తాళం తీసి నన్నూ పిలిచింది. వెళ్లి పక్కన నిలబడ్డాను.

బొమ్మ పచ్చగా ఉంది. ఒళ్లంతా చిలుము. కళ్లలో వెండి జాడే లేదు. బాబా దాన్ని తిరగేసి భూతద్దంతో చూశారు. పాదాల కింద ఆయన రాసుకున్న నంబరు ఉంది. తృప్తిగా తల ఊపి లోపల పెట్టేశారు.

కంచుకి చిలుము మళ్లీ పడుతుంది, నాకు తెలియనిది కాదు. కానీ అందుకు నెలలు కావాలి, ఒక్క పూట చాలదు. పోనీ, చిలుము పట్టిందే అనుకుందాం. తోమితే పోయిన రాత ఎలా తిరిగొస్తుంది? మామాయే ఏమైనా చేసిందా అని అనుమానించాను. కానీ తాళం తీసిన మరుక్షణం ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు, అది నటన కాదు.

బతికిపోయాననుకున్నాను. సాయంత్రం మామా వంటింట్లోకి వచ్చి మెల్లగా అంది, భయపడి అసలుది తెచ్చి పెట్టేశావు కదా అని. బాబాకి మాత్రం చెప్పలేదు. నెల తిరక్కుండా నన్ను ఇంటికి పంపేసింది. బయలుదేరే రోజు నా పెట్టె మూడుసార్లు వెతికింది, ఆ మెరిసే బొమ్మ కోసం.

తోమింది నేనే, తోమిన గుర్తు మాత్రం లేదు. లేనందుకే దొంగనయ్యాను. ఇది ఏ పోలీసుకి చెప్పుకోను?

మొన్న మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, లేచి వెళ్లి వీధి తలుపు వేసొచ్చి పక్కన కూర్చుంది.

"ఇప్పుడెవరూ ఏమీ అనరు గానీ, నిజం చెప్పు. ఆ బొమ్మని ఏం చేశావమ్మా?" అంది.

తోమానే తల్లీ అన్నాను. అంతకుమించి నాకు తెలిస్తే కదా చెప్పడానికి.