మా వాడికి గురువును వెతికిన ఎండాకాలం

నా మొగుడు రంగూన్ వెళ్ళిన నాలుగో ఏడు, చైత్రంలో ఆయన దగ్గర్నించి ఒక ఉత్తరం వచ్చింది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. మా ఉద్దానం పల్లెలో చదువొచ్చినవాడు బడిపంతులొక్కడే. ఆయన మా అరుగు మీద కూర్చుని ఉత్తరం చదివితే మా అత్తతో పాటు చుట్టుపక్కల నాలుగిళ్ళవాళ్ళూ విని, ఎవరికి తోచిన సలహా వాళ్ళు చెప్పి వెళ్ళేవారు. మొగుడు నాకు రాసిన మాట ఊరంతా విన్నాక గాని నాకు దక్కేది కాదు. ఆ ఉక్రోషంతోనే తర్వాత నేను చదవడం, రాయడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తున్నానంటే ఆ ఉక్రోషం పుణ్యమే.

ఉత్తరంలో సంగతి ఇది. జ్యేష్ఠం చివర్లో ఆయన వస్తున్నాడు. పదిహేను రోజులుండి మళ్ళీ ఓడెక్కాలి. అక్కడ బియ్యం మిల్లులో ఆయనతో పనిచేసేవాళ్ళంతా సాయంత్రమైతే పిల్లల గొప్పలు చెప్పుకుంటారట. ఒకడి కొడుకు హరికథ చెప్తాడట, ఇంకొకడి కొడుకు భాగవతంలో వేషం కడతాడట. బడికి సెలవులివ్వగానే మన వాడిని కూడా ఎవరైనా గురువు దగ్గర పెట్టు, వాడి పాట ఒక్కటి వింటే ఇంకో నాలుగేళ్ళు ఈ మిల్లులో గడిపేస్తాను అని రాశాడు. పంతులు ఆ చివరి ముక్క చదువుతున్నప్పుడు నేను గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

కష్టం ఎక్కడంటే, మా వాడు పాడతాడు. చాలా బాగా పాడతాడు. కాని ఎవరైనా చూస్తుంటే మాత్రం పాడడు. తొమ్మిదేళ్ళవాడు, కొబ్బరి మొక్కలకు నీళ్ళు పోస్తూ తోటంతా మోగేలా పాడేవాడు. నా అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, నత్త తల లోపలికి లాక్కున్నట్టు నోరు మూసుకునేవాడు. వాడి పాట వినాలంటే కన్నతల్లిని నేను దొంగలా గడ్డివాము చాటున నక్కాల్సి వచ్చేది.

ముందు టెక్కలి వెళ్ళాం. అక్కడ ఒక హరికథ దాసుగారు ఎండాకాలం నలుగురైదుగురు పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని నేర్పేవారు. బియ్యం మనం ఇచ్చుకోవాలి, తిట్లు ఆయన పెడతారు. పుణ్యం వస్తుందని మా అత్త ఆయనకే ఓటేసింది. దాసుగారు పీట మీద కూర్చుని, చిరతలు పక్కన పెట్టి, పాడమన్నారు. మా వాడు తల వంచి కాలి బొటనవేలితో నేల గీకడం మొదలుపెట్టాడు. దాసుగారు బతిమాలారు, బెల్లం ముక్క చూపించారు, కసిరారు. ఆ ఇంటి అలికిన నేలలో గుంట పడింది గాని వీడి నోట్లోంచి చిన్న రాగం కూడా రాలేదు. పిల్లవాడికి గొంతే లేదని ఆయన తేల్చేశారు. విననిది లేదని ఎలా చెప్తారండీ అని నేను అడిగేశాను. ఆ మాటతో టెక్కలి తలుపు మూసుకుంది.

తర్వాత నిమ్మాడ వైపు ఒక భాగవతుల మేళం ఉందంటే అటు నడిచాం. ఆ గురువు మామిడితోపులో పిల్లలకు అడుగులు నేర్పుతున్నాడు. మంచివాడే. మా వాడి సంగతి విని నవ్వి, ముఖానికి రంగేస్తే సిగ్గు దానంతటదే పోతుంది, రంగు వెనకాల ఉన్నది మనం కాదు కదా అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. ఆయన దగ్గరుండి మెడ దాకా పసుపుపచ్చ రంగు పూశాడు. అయితే అది చూడ్డానికి మేళం పిల్లలంతా చుట్టూ మూగారు. అన్ని కళ్ళు ఒక్కసారి చూసేసరికి మా వాడు లేచి, తోపు దాటి, పొలాలకు అడ్డంపడి ఇంటిదారి పట్టాడు. నేను చీర ఎగ్గట్టి పరిగెత్తినా అందలేదు.

ఆయాసపడుతూ ఇల్లు చేరేసరికి మా అత్త వాడిని మంచం మీద పడుకోబెట్టి, పక్కింటామెతో కలిసి ఆకుపసరు నూరుతోంది. పిల్లడికి పచ్చకామెర్లు వచ్చాయని ఇద్దరూ నిర్ణయానికి వచ్చేశారు. వాడు మాత్రం నోరు విప్పి రంగని చెప్పలేదు. రంగని చెప్తే మళ్ళీ ఆ తోపుకి తీసుకెళ్తానని భయం కాబోలు. ఆ చేదు పసరు సగం గిన్నె తాగేశాడు కూడా. తడిగుడ్డతో నేను ముఖం తుడిస్తే పచ్చకామెర్లు గుడ్డకు అంటుకున్నాయి. మా అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

వైశాఖం సగమైపోయింది. ఆయనకు ఏం ముఖం చూపించాలా అని నాకు నిద్ర కరువైంది. ఆ దిగుల్లోనే వానాకాలానికి ఎండుచేపలు తెచ్చుకుందామని వాడిని వెంటబెట్టుకుని సముద్రం ఒడ్డునున్న భావనపాడు వెళ్ళాను. మాకు ఏటేటా చేపలు తెచ్చిచ్చే ఆమె ఇల్లు అక్కడే. మేం వెళ్ళేసరికి ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. తాడు పట్టిన చేతికి గుప్పెడు చేపలు ఇవ్వడం అక్కడి మర్యాద, అందుకని దారిన పోయేవాళ్ళు కూడా ఓ చెయ్యి వేస్తారు. మా వాడిని తాడు చివర, వచ్చిన తాడును చుట్టగా చుట్టే చోట కూర్చోబెట్టారు. ఆ చోటునుంచే ఒక ముసలాయన పాట అందిస్తున్నాడు. ఆయనో చరణం అంటే లాగేవాళ్ళంతా హైసా అని వెనక్కి వాలతారు.

నేను చేపలు ఏరుకుంటుండగా ముసలాయనకు దగ్గుతెర వచ్చింది. పాట ఆగింది. వల బరువుగా ఉంది, తాడు సముద్రంలోకి జారుతోంది. అప్పుడు వినిపించింది, మా తోటలో వినిపించే గొంతు. ఒక్కరూ తల తిప్పి చూడలేదు. ఎలా చూస్తారు, అందరి ముఖాలూ సముద్రం వైపు, అందరి వీపులూ వీడి వైపు. వాడు నోటికొచ్చింది కట్టి పాడుతున్నాడు, ఇరవైమంది హైసా అంటున్నారు. నేను చేపలారేసిన పందిరి వెనక దాక్కుని కడుపునిండా విన్నాను.

ఆ ముసలాయన మా చేపలామె మొగుడే. వీడిని ఈ ఎండాకాలం మీ దగ్గర పెట్టుకోండి అని అడిగితే ఆయన తెల్లబోయాడు.

"ఇదేటి సదువా తల్లీ, నేర్పడానికి? బరువుంటే పాడతాం, నేకపోతే నేదు."

అదే మా వాడికి కావలసిన చదువని చెప్పాను. అల తడిపే చోటు దాటి కాలు పెట్టకూడదని మా అత్త ఒట్టు వేయించుకుని పంపింది. వాడు చేపలామె ఇంట్లోనే ఉండి, నెలా పదిహేను రోజుల తర్వాత నల్లగా, నవ్వుతూ, ఉప్పు వాసనతో ఇంటికొచ్చాడు.

ఆయన వచ్చాడు. తెల్లచొక్కా, గొడుగు, రేకుపెట్టె. మా వాడు మా అత్త కొంగు వెనకనుంచి తండ్రిని చూశాడు గాని ముందుకు రాలేదు. తండ్రి మాట్లాడితే తల ఊపడమే తప్ప మాట లేదు. మూడో రోజు ఆయన ఊళ్ళోవాళ్ళను పిలిచి చాపలేయించి, పాడు నాన్నా అన్నాడు. నేను వద్దంటూనే ఉన్నాను. బొటనవేలు నేల గీకింది. అందరూ వెళ్ళిపోయాక ఆయన చాపలు చుడుతూ అన్నాడు.

"ఆడికి పాట రాదని కాదే. ఆడికి నాను పరాయోణ్ణయిపోనాను."

మర్నాడు తెల్లారగానే వాడు వల లాగే వేళకని భావనపాడు పరిగెత్తాడు. చేపలు తెద్దాం రమ్మని వెనకాల ఆయన్ని బయల్దేరదీశాను. పాట సంగతి చెప్పలేదు. ఒడ్డుకు చేరగానే ఆయన్ని తీసుకెళ్ళి తాడు మీద చెయ్యి వేయించి, పక్కన నేనూ పట్టుకున్నాను. వెనకనుంచి పాట లేచింది. రెండు చరణాలయ్యాక ఆయన చేతులు సడలాయి.

"ఎవలే ఆ పాడతన్నది?"

"మనోడే. ఎనక్కి సూడకు మావా. సూత్తే ఆపేత్తాడు. లాగు."

ఆయన చూడలేదు. నాలుగేళ్ళ తర్వాత కొడుకు గొంతు వింటున్న మనిషి, మెడ తిప్పితే కనిపించే కొడుకును చూడకుండా సముద్రం వైపే చూస్తూ నిలబడ్డాడు. కళ్ళు కారిపోతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అప్పుడు పాటలో కొత్త చరణం వచ్చింది. తెల్లచొక్కా ఆయన తాడు పట్టుకుని నిద్దరోతన్నాడు, ఆయనకి చేప ఇవ్వకండి అని. ఇరవైమందీ నవ్వుతూ హైసా అన్నారు.

తండ్రి ఇంటికొచ్చాక వాడు తండ్రిని గురించి అన్న మొదటి మాట అదే. ఆయన ఏడుస్తూనే నవ్వి, కాళ్ళు ఇసుకలో తన్ని పెట్టి, గట్టిగా లాగాడు.